పొగ సినిమాలో మా అత్త పాట

మా మేనత్త పోయిందన్న సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. వేల్పూరు బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి పోతున్నారు. బోధన్ నుంచి వచ్చిన బస్సును రోడ్డు మీద ఆపి, జనాన్ని అట్లాగే కూర్చోబెట్టి, టికెట్ల సంచీ భుజాన వేసుకొని అతను బడి దాకా నడిచి వచ్చాడు.

"టీచరమ్మా, గిర్ని అక్క పోయింది" అన్నాడు. "పొద్దుగాల తలుపు తీస్తానికి లేసిందట. గోడకు ఆనుకొని కూసున్నది కూసున్నట్టే ఒరిగిందట. నేను కమ్మర్‌పల్లి దాకా పోయి మళ్లొస్త. తయారుగుండుండ్రి, తీస్కపోత."

అతనికి నేను ఏమీ కాను. వాళ్ల అమ్మ మా అత్త గిర్నిలో జొన్నలు పట్టించుకునేది, అంతే సంబంధం. అతను వెనక్కి నడుస్తూ చేతిరుమాలుతో ముఖం తుడుచుకోవడం చూశాకే నాకు ఏడుపు వచ్చింది.

బోధన్‌లో ఇప్పుడు ఎవరినడిగినా మా అత్త గురించి ఒక్కటే చెప్తారు, టాకీసు దగ్గర జరిగిన గొడవ. అది కూడా తలో రకంగా చెప్తారు. ఆమె సినిమాలో వేషం వేసిందంటారు కొందరు. టాకీసును తగలబెట్టించబోయిందంటారు ఇంకొందరు. ఆ రోజు నేను ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. కాబట్టి జరిగింది జరిగినట్టు మీకు చెప్పాలనిపించింది.

యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడిన ఏడాది మా అత్తకు పెళ్లయింది. మామ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నెమ్మదైన మనిషి. కొన్నేళ్లకే కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. మెండోర వైపున్న మా ఊరి నుంచి తాత ఆమెను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆమె ఒక మాట అందట. "నేనొస్తే మీరు రెండు పూటల అన్నం వెడ్తరు బాపూ, నాకెరికే. గని పొద్దంత నేనేం జెయ్యాలె?" తాత ఒక్కడే తిరిగి పోయాడు. శక్కర్‌నగర్ దారిలో మూతపడి ఉన్న పిండి గిర్నిని కిరాయికి తీసుకొని, ఆడమనిషి గిర్ని నడపడమేమిటని నవ్వినవాళ్ల జొన్నలే పట్టి పంపడం మొదలుపెట్టింది.

పదో తరగతి దాకా నేను ఆమె ఇంట్లో ఉండి చదువుకున్నాను. గిర్ని తిరుగుతున్నంతసేపూ ఆమె కనుబొమ్మల మీద పిండి తెల్లగా పేరుకొని ఉండేది. జొన్నలు పోస్తూ భజనలు పాడేది. ఆ మోటారు చప్పుడు మీద తన గొంతు తనకు వినపడాలంటే ఎంత గట్టిగా పాడాలో మీరు ఊహించుకోవచ్చు. అప్పుడప్పుడు ఉన్నట్టుండి కరెంటు పోయేది. చప్పుడంతా ఆగిపోయాక ఆమె గొంతొక్కటే ఆ గల్లీ మొత్తం మోగేది. పాట మధ్యలో ఆపకూడదని ఆమె ఆపేది కాదు. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. పాట అయిపోయాక తనూ నవ్వేది.

మా నాన్నకు, అత్తకు ఒక తమ్ముడున్నాడు. నాకు చిన్నబాపు. అతని చిన్నప్పుడే నాయనమ్మ పోతే అత్తే సాకింది. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే సీజన్లో పని దొరికేది, మిగతా నెలలు ఖాళీ. అట్లాంటి ఖాళీ నెలల్లో ఒకసారి గోదావరి ఒడ్డున ఎవరో బాబా వచ్చి దిగాడని, అక్కడ దినమంతా భజన, అన్నదానం అని దోస్తులతో పోయాడు. భజన నిజమే. అన్నదానమూ నిజమే. దాని వెంట చిలుం కూడా చేతులు మారుతుందని మాకు తర్వాత తెలిసింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జులపాల పిల్లలు, ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్లు కూడా అక్కడే పడి ఉండేవాళ్లు. దేవుడి ప్రసాదమని గంజాయి పీల్చి, కళ్లు మూసుకొని కూర్చుంటే అదే ధ్యానమనేవాళ్లు.

చిన్నబాపు ఇంటికి వచ్చినప్పుడు అన్నం ముందు కూర్చొని మెతుకు ముట్టకుండా లేచేవాడు. నేను పలకరిస్తే, నన్ను ఎక్కడో చూసినట్టుంది కానీ గుర్తుకు రావడం లేదన్నట్టు చూసేవాడు. ఒకరోజు పండక్కి కొన్న పిండి జల్లెడను విరిచి పారేశాడు. ఎందుకు విరిచావంటే దాని రంధ్రాల్లోంచి ఎవరో చూస్తున్నారన్నాడు. అత్త ఆ ముక్కలను ఏరి పక్కన పెట్టింది.

మరునాడు గిర్నికి తాళం వేసి నన్ను వెంటబెట్టుకొని గోదావరి ఒడ్డుకు పోయింది. చిన్నబాపు ఒక తడికెల పందిరి కింద పడుకొని ఉన్నాడు. పెదవులు పగిలి నల్లబడ్డాయి. ఆమె అతని భుజం పట్టి లేపుతుంటే బాబా శిష్యుడొకతను అడ్డం వచ్చాడు.

"తల్లీ, ఆయన్ని ముట్టవద్దు. ఆయన దేవుని తొవ్వల ఉన్నడు."

"దేవుని తొవ్వల ఉన్నోడు ఆకలైతే అన్నమెందుకు తింటలేడు?" అంది అత్త.

"ఆకలిని జయించిండు."

"జయించలే. ఆకలి సంగతే మర్సిపోయిండు. జర పక్కకు జరుగు."

అతను జరగలేదు. ఇంకో నలుగురు లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకడి చేతిలో త్రిశూలం ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అత్త నా వైపు తిరిగి చిన్నగా, "భయమైతే కాళ్లకు సెప్పకే. గవి మనకంటే ముందుగాల్నే ఉరుకుతయ్" అంది. ఆ మాట తర్వాత చాలాసార్లు విన్నాను. ఆమెకూ భయమైందన్న సంగతి ఆ మాటలోనే ఉందని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. ఆమె తమ్ముణ్ణి సగం మోస్తూ, సగం ఈడుస్తూ ఆ నలుగురి మధ్య నుంచే బయటికి తెచ్చింది. వాళ్లు ఏమీ చెయ్యలేదు. చెయ్యరని మాకు ముందు తెలియదు కదా.

పది రోజులు ఇంట్లో ఉన్నాడో లేడో, మళ్లీ పోయాడు. ఆమె మళ్లీ తెచ్చింది.

అట్లాంటి రోజుల్లోనే సినిమావాళ్లు బోధన్ వచ్చారు. చిన్న కంపెనీ. పేరున్న నటులెవరూ లేరు. ఒక వ్యాను, ఒక కెమెరా, మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టరు. చెరుకు తోటల్లో కొన్ని సీన్లు తీసుకోవడానికి వచ్చారట. వాళ్ల వ్యాను గిర్ని ముందు నుంచి పోతున్నప్పుడు కరెంటు పోయింది. అత్త గొంతు వాళ్ల చెవిన పడింది.

డైరెక్టరు లోపలికి వచ్చాడు. నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మాది భక్తి సినిమా అండీ. ఈ కాలపు కుర్రాళ్లు మత్తుమందులకు అలవాటుపడి ఎలా పాడైపోతున్నారో, మళ్లీ దేవుడి దయవల్ల ఎలా బాగుపడతారో చూపిస్తాం. అందులో ఓ భజన ఉంది. మీ గొంతు, మీ ముఖం రెండూ కావాలి."

అత్త వద్దంది. తను నాటకాల మనిషిని కాదంది. అతను వెళ్లిపోవడానికి లేచాడు. గుమ్మం దాటబోతుండగా అత్తే పిలిచింది.

"ఓ సారూ. గంజాయి గుంజుడు తప్పని సూపెడ్తరా?"

"అదేనమ్మా మా కథ."

"నిజంగ సూపెడ్తరా? మా తమ్ముని అసుంటోడు సూస్తే బుద్ధొచ్చేటట్టు?"

అతను గోడ మీదున్న దేవుడి పటం వైపు చెయ్యి చాపి, "ఆయన సాక్షిగా" అన్నాడు.

ఆమెకు అది చాలింది. పైసలిస్తామంటే వద్దంది. భజనకు వచ్చే ఆడవాళ్లను పది మందిని కూడగట్టుకొని వెళ్లింది. నేనూ పోయాను. ఒక బెల్లం గానుగ దగ్గర చదును చేసిన నేల మీద కూర్చోబెట్టారు. ఎండ ముఖానికి కొడుతూ ఉంది. ఆమె పాడింది. ఎప్పటిలాగే, మోటారు చప్పుడు మీద పాడినట్టు పాడింది. కెమెరా వెనకున్న వాళ్లు కూడా నోరు తెరిచి విన్నారు. ఆ తర్వాత డైరెక్టరు, "కళ్లు మూసుకోండమ్మా. భక్తిలో ఒళ్లు మరిచిపోయినట్టు ఊగండి. ఇంకా. ఇంకొంచెం" అని మళ్లీ మళ్లీ తీయించాడు. పెద్ద భజనమ్మకు విసుగొచ్చింది. మా భజన బృందానికి పెద్ద కాబట్టి ఆవిడను అందరం అట్లా పిలిచేవాళ్లం. "ఊగుడెందుకమ్మా, పాట పాడినం సాలదా?" అని ఆవిడ గొణిగింది. అత్త మాత్రం చెప్పినట్టల్లా చేసింది. తమ్ముడు ఈ సినిమా చూస్తాడని, ఆ చూసిన రోజు ఏదో మారుతుందని ఆమె నమ్మింది. ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంది. చాలా నెలల తర్వాత ఆమెను అంత సంతోషంగా చూశాను.

సినిమా రావడానికి ఏడాది దాటింది. దాని పేరు ఇక్కడ రాయను. అత్త కూడా ఎన్నడూ పేరు పెట్టి అనలేదు, "గా పొగ సినిమా" అనేది.

ముందు పోస్టరు వచ్చింది. పొద్దున్నే గిర్ని ఎదుటి గోడ మీద అతికించి పోయారు. అందులో ఒంటి మీద సగం బట్టలతో ఒక అమ్మాయి, పెద్ద చిలుం పట్టుకున్న గడ్డం స్వామి, వాళ్ల వెనక పొగ. ఆ పొగలో, కళ్లు అరమూసిన మా అత్త ముఖం.

జొన్నలు తెచ్చిన ఆడవాళ్లు పోస్టరు చూశారు, అత్తను చూశారు. ఒకామె గంప దించకుండానే, "ఇయ్యాల వద్దులే అక్క, రేపొస్త" అని తిరిగిపోయింది. ఇంకొకామె పోయింది. మధ్యాహ్నానికి పెద్ద భజనమ్మ మనవరాలితో కబురు వచ్చింది, శనివారం భజనకు రావద్దని. ఆవిడ కూడా ఆ పాటలో ఉంది. కానీ పోస్టరు మీద లేదు. సాయంత్రానికి మామ తరఫు బంధువులు ఇద్దరు వచ్చి గుమ్మంలోనే నిలబడి, సచ్చినోని పేరు బజార్ల పెట్టినవని అరిచి పోయారు. అత్త మోటారు ఆపలేదు. వాళ్ల మాటలు సగం ఆ చప్పుడులోనే కలిసిపోయాయి.

చిన్నబాపు అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. పోస్టరు చూసి వచ్చినప్పటి నుంచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. "మా అక్కను... మా అక్కను..." అని, ఆ తర్వాతి మాట రాక గోడను గుద్దాడు. చీకటి పడకముందే దోస్తులు వచ్చి తీసుకుపోయారు.

మరునాడు అత్త గిర్ని బంద్ చేసింది. ఉతికిన చీర కట్టుకుంది.

"యాడికి అత్తమ్మా?" అన్నాను.

"సినిమాకు. ఊరంత నన్ను అడుగవట్టె. సూడకుంట ఏమని జవాబు సెప్పాలె?"

మ్యాట్నీ ఆటకు వెళ్లాం. ఆడవాళ్ల వైపు పది పన్నెండు మంది కంటే లేరు, వాళ్లలో ఇద్దరి ఒళ్లో చంటిపిల్లలు. భక్తి సినిమా అనుకొని వచ్చిన పల్లెటూరి వాళ్లేనని చూడగానే తెలుస్తుంది. మగవాళ్ల వైపు మాత్రం కిక్కిరిసి ఉంది. టాకీసు యజమాని ముసలాయన, బోధన్‌లో తరతరాల నుంచి ఉన్న ముస్లిం కుటుంబం వాళ్లది, అందరూ టాకీసు సాబ్ అంటారు. తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అత్తను గుర్తుపట్టి ముఖం దించుకున్నాడు. "బహెన్, పిచ్చర్ డబ్బాల వస్తది. తెరిచి చూసే హక్కు నాకు లేదు" అన్నాడు మెల్లగా. అత్త తల ఊపి లోపలికి పోయింది.

ఆ సినిమాలో కథంటూ ఏమీ లేదు. కాలేజీ పిల్లలు కొందరు ఒక స్వామి దగ్గరికి చేరతారు. అక్కడ పొగ తాగుతారు, గంతులు వేస్తారు, నీళ్లలో తడుస్తారు. పొగ తాగినప్పుడల్లా వాళ్ల ముఖాల్లో ఎంత సుఖమో కెమెరా దగ్గరగా పోయి చూపిస్తుంది. గోదావరి ఒడ్డున పందిరి కింద నేను చూసిన పగిలిన పెదవులు అందులో ఎక్కడా లేవు.

సగంలో అత్త పాట వచ్చింది. గొంతు ఆమెదే. దాని కింద ఎవరిదో డప్పు చేర్చారు. ఆమె కళ్లు మూసుకొని ఊగుతుంది, వెంటనే చిలుం నుంచి పొగ లేస్తుంది. మళ్లీ ఆమె, ఆ వెంటనే తడిబట్టల అమ్మాయి. ఆ పొగ పీల్చే అత్త ఊగుతున్నదని చూసినవాళ్లెవరైనా అనుకుంటారు. మగవాళ్ల వైపు నుంచి ఈలలు లేచాయి. ఎవడో, "గిర్నక్కా, ఒక్క దమ్ము!" అని అరిచాడు. టాకీసంతా నవ్వింది.

అప్పుడే ఆమె చెయ్యి నా చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. పోదాం లే అత్తమ్మా అన్నాను. ఆమె తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా, "ఉండు. ఆఖరుకన్న సెప్తడేమో సూద్దాం" అంది. ఇచ్చిన మాట అతను ఎక్కడో ఒకచోట నిలబెట్టుకొని ఉంటాడని ఆమె ఇంకా చూస్తున్నది. ఆఖర్న ఒక పోలీసు వచ్చి స్వామిని పట్టుకుపోయాడు, ఒక ముసలాయన దేవుడి గురించి నాలుగు మాటలు చెప్పాడు, శుభం పడింది. ఆ నాలుగు మాటలప్పటికే జనం లేచి నిలబడి కుర్చీలు మడుస్తున్నారు.

కానీ బయటికి పోవడానికి లేకపోయింది. ముందరి ఇనుప కటకటాల గేటు మూసి ఉంది. అవతల రోడ్డు నిండా మనుషులు. చేతుల్లో రాళ్లు, కర్రలు. "భజనల ఇజ్జత్ తీసిండు, టాకీసు కాలవెట్టుండ్రి!" అని ఒకడు అరిస్తే పది మంది అందుకుంటున్నారు. తీసినవాడు మద్రాసులో ఉన్నాడు. చేతికి దొరికేది సాబ్ ఒక్కడే. అంతలో ఎవడో ఆయన మతం పేరెత్తి తిట్టాడు. ఆ తిట్టుతో గుంపు గొంతు మారిపోయింది. మా వెనక చంటిపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. సాబ్ ముఖం పాలిపోయింది. గేటు తాళం చెవి చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు.

గుంపులో ముందు చిన్నబాపు ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో కిరోసిన్ డబ్బా. అతని వెనక గోదావరి ఒడ్డు దోస్తులు.

అత్త కటకటాల దగ్గరికి పోయింది. "సాబ్, తాళం తియ్యి."

"నక్కో బహెన్. గుంపు ఖరాబ్‌గ ఉంది. పోలీసుకు మనిషిని పంపిన."

"పోలీసులు అచ్చేలోపల అగ్గి అంటుకుంటది. లోపల పిల్లలున్నరు. తియ్యి. నేను బయటికి వోయినంక మల్ల యెయ్యి."

ఆయన తాళం చెవిని పక్కకు చాచాడు. గేటుమనిషి అందుకొని తీశాడు. మనిషి పట్టేంత సందులోంచి ఆమె బయటికి పోయింది. గేటు మళ్లీ మూశారు. నేను ఊచలు పట్టుకొని చూస్తున్నాను.

ఆమె తిన్నగా తమ్ముడి ముందుకు పోయి నిలబడింది. గుంపు కొంచెం వెనక్కి జరిగింది.

"ఏందిరా గది? గ్యాసునూనేనా?"

"నువ్వు పక్కకు జరుగక్కా. నిన్ను బజార్ల నిలవెట్టిండ్రు. ఇయ్యాల ఈ టాకీసు ఉంటదో నేనుంటనో."

"లోపల నీ అన్న బిడ్డ ఉన్నది. అగో, ఊసలు వట్టుకొని సూస్తున్నది. ఇంకా పిల్లతల్లులున్నరు. పొయ్యి. పోసి అంటుపెట్టు."

చిన్నబాపు నన్ను చూశాడు. ఈసారి నన్ను గుర్తుపట్టాడు. డబ్బా పట్టుకున్న చెయ్యి ఊగింది, నూనె చింది అతని కాళ్ల మీదే పడింది.

"పోస్టర్ల నా మొకం సూడంగనే నీకు రోషం అచ్చింది" అంది అత్త. గిర్నిలో మాట్లాడినట్టే, రోడ్డు చివరి దాకా వినపడేట్టు. "ఇన్నేండ్ల సంది నీ మొకం సూసి నాకేమస్తుందో ఒక్కనాడన్న అడిగినవార? గా పొగ నేను తాగలే. గీ సాబ్ తాగలే. నువ్వు తాగినవ్. నీ ఎన్కాల ఉన్నోళ్లు తాగిండ్రు. ఇయ్యాల దేవుని ఇజ్జత్ కాపాడెటోళ్లు మీరేనా?"

ఆమె గుంపు వైపు తిరిగింది. "గా పాట నాదే. దాపెట్ట. దేవుని పాట అని పాడిన. నన్ను మోసం జేసినోడు ఈడ లేడు. ఈడున్నోళ్లను ముట్టద్దు."

వెనక నుంచి ఒక రాయి వచ్చింది. ఆమె మీదికి విసిరిందో, టాకీసు మీదికి విసిరిందో నాకు ఇప్పటికీ తెలియదు. గేటు పక్కన సినిమా బొమ్మలు పెట్టే అద్దాల పెట్టెకు తగిలి అద్దం పగిలింది. ఒక పెంకు ఆమె చెంప మీద గీరుకుంది. రక్తం మెడ దాకా కారింది. ఆమె చెయ్యి కూడా ఎత్తలేదు. అక్కడే నిలబడింది.

అప్పుడు చిన్నబాపు డబ్బాను నేల మీద పెట్టాడు. విసిరి కొట్టలేదు, జాగ్రత్తగా కింద పెట్టాడు. వెనక్కి తిరిగి గుంపుకు ఎదురుగా, అక్కకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇంగ ఏస్తే నాకెయ్యుండ్రి" అన్నాడు. ముందున్న వాళ్లకే వినపడింది. ముందున్న వాళ్లే ముందు వెనక్కి తిరిగారు. ఒకరిద్దరు చేతిలో రాళ్లు ఎవరూ చూడకుండా కింద వదిలేశారు. పోలీసు జీపు వచ్చేసరికి రోడ్డు మీద సగం మందే మిగిలారు.

సాబ్ తన తెల్లటి చేతిరుమాలు తడిపి తెచ్చి అత్తకిచ్చాడు. ఆట ఆపేస్తానన్నాడు.

"ఆపమని నేను సెప్ప. నువ్వు గుడ నష్టపోవద్దు" అంది. "నా పాట ఉన్న ముక్క తీసెయ్యి, సాలు."

ఆ సాయంత్రం ఆటకే ఆ ముక్క కోసి తీశారు. పాటతో పాటు చిలుం, తడిబట్టలు కూడా పోయాయి. ఇక ఆ సినిమాలో చూడటానికి ఏముందని జనం మానేశారు. రెండు రోజులకే డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి పోయింది. అది మళ్లీ ఎక్కడన్నా ఆడిందని నేను వినలేదు.

ఇక్కడితో అంతా బాగైపోయిందని రాయాలని నాకూ ఉంది. కాలేదు. చిన్నబాపు ఇంకో రెండుసార్లు గోదావరి ఒడ్డుకు పోయాడు. మొదటిసారి అత్త వెళ్లి తెచ్చింది. రెండోసారి పోలేదు. "తొవ్వ ఎరికే గదా" అని మాత్రం అని, దినమూ అతని వంతు అన్నం వండి మూత పెట్టేది. ఒక మధ్యాహ్నం అతనే నడిచి వచ్చాడు. తర్వాత కొన్ని వారాలు ఆ ఇంట్లో ఎట్లా గడిచాయో నాకు తెలుసు. వణుకు, వాంతులు, అరుపులు. అత్త అతన్ని గిర్ని దగ్గర కూర్చోబెట్టుకొని, చేతులు వణుకుతున్నా జొన్నలు పోయించేది. సగం కింద పడేవి. ఎత్తి మళ్లీ పొయ్యమనేది. పూర్తిగా మనిషి కావడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ గిర్ని అతనే నడుపుతున్నాడు.

భజనకు ఆమెను ఏడాది పైన పిలవలేదు. ఆమె గిర్నిలోనే పాడుకుంది. "దేవుడేం సినిమా తియ్యలే గదనే, ఆయన మీద నాకెందుకు కోపం?" అనేది. ఆ డైరెక్టరును ఒక్కసారన్నా తిట్టవా అని అడిగితే, "ఈడ తిడితే మద్రాసుల వానికి ఇనవడ్తదా? నా గొంతే కరాబైతది" అని నవ్వింది. నవ్వినప్పుడు చెంప మీది గీత లోపలికి మడత పడేది.

తర్వాత ఒకరోజు పెద్ద భజనమ్మ స్వయంగా గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏమనాలో తెలియక చీర చెంగు నలుపుకుంటూ ఉంది. అత్త గంప అందుకొని, జొన్నలు పిడికెడు తీసి చూసి, "సన్నగనా, దొడ్డుగనా?" అని అడిగింది. ఆ ఒక్క మాటే. ఆ శనివారం నుంచి మళ్లీ భజనకు పోయింది.

నేను ఉపాధ్యాయురాలినై మొదటి జీతంతో చీర పట్టుకెళ్తే తిట్టింది. తిట్టి, కట్టుకొని, గల్లీ అంతా తిరిగి చూపించి వచ్చింది. క్లాసులో పిల్లలు అల్లరి చేసి నాకు గొంతు పెగలనప్పుడల్లా, రోడ్డు మీద ఒంటరిగా నిలబడి మాట్లాడిన ఆమె గొంతే గుర్తుకు తెచ్చుకుంటాను. ఈ రెండేళ్లుగా ఆమెకు దగ్గు పట్టుకుంది. పిండి ధూళి ఛాతీలో చేరిందన్నాడు డాక్టరు. గిర్ని మానెయ్యమంటే, "పొద్దంత ఏం జెయ్యాలె మరి?" అంది.

ఆ కండక్టరు బస్సులోనే నేను చేరాక, మధ్యాహ్నం దాటి ఆమెను శ్మశానానికి తీసుకుపోయాం. నిప్పు కుండ చిన్నబాపు పట్టుకున్నాడు. టాకీసు సాబ్ కర్ర పట్టుకొని మలుపు దాకా నడిచి వచ్చాడు. చెరుకు ఆడే కాలం కావడంతో ఫ్యాక్టరీ రోడ్డు మీద బండ్లు బారులు తీరి ఉన్నాయి. పాడె రావడం చూసి బండ్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కిందికి దిగారు, తల రుమాళ్లు విప్పి చేత పట్టుకున్నారు. డప్పు కూడా కాసేపు ఆగింది. ఆ నిశ్శబ్దంలో చిట్టచివరి బండి ఎద్దు ఒకటి మెడ చాచి, ముందు బండిలోంచి ఒక చెరుకు గడను మెల్లగా లాక్కొని నమలసాగింది. ఎవరూ దాన్ని అదిలించలేదు. మేము చాలా దూరం పోయేదాకా ఆ నమిలే చప్పుడు వినపడుతూనే ఉంది.